పాఠానికి బక్కచిక్కిన ఆవు

పోయిన వారం మనం డాక్టరమ్మని షెడ్డు చివర నీళ్ళ డ్రమ్ము వెనకాల నిలబెట్టి వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది పాపం, కాళ్ళు పీకుతున్నాయి. పశువైద్య కాలేజీ వారి పాడి ఫారానికి బాధ్యురాలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఒక ఆవు ఆవిడకి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. దాని ఒంటి మీద ప్రతి ఎముకా దేశపటంలో కొండల్లా పైకి తేలి ఉంటుంది గనక విద్యార్థులు 'మ్యాపు' అని పేరు పెట్టారు. డాక్టరమ్మ దానికి పేడ పరీక్ష చేయించింది. రక్తం తీయించింది. నోరు తెరిచి పళ్ళు చూసింది. నులిపురుగుల మందు పట్టించింది. దాణా పెంచమని చెప్పింది. జబ్బేదీ దొరకలేదు, ఆవు ఒళ్ళూ చెయ్యలేదు. చలికాలం ముంచుకొస్తోంది, ఈ ఒంటితో అది చలికి ఆగదు. ఇక లాభం లేదని ఆ పొద్దున్నే వచ్చి కాపు కాసింది. మ్యాపు ముందున్న తొట్టిలోంచి షెడ్డు మేస్త్రి దాణాని చేటకెత్తి పక్క ఆవు తొట్టిలో పోస్తున్నాడు. ఆవిడ చూసింది. మనమూ చూశాం. అక్కడే ఆగాం.

ఈ మేస్త్రికి నోరు మూతపడే గుణం లేదు. ఆవులతో మాట్లాడతాడు, పారతో మాట్లాడతాడు, మనుషులెవరూ దొరక్కపోతే పాల క్యాను మూతతోనైనా మాట్లాడతాడు. ఫారమంతా ఆయన్ని రేడియో అంటుంది.

"జరుగు తల్లీ, జరుగు. నీ వాటా నీకు, దాని వాటా కూడా నీకే. అదృష్టమంటే నీదే," అంటున్నాడు పక్క ఆవుతో.

"బాగుంది," అంది డాక్టరమ్మ, డ్రమ్ము వెనకనుంచి ఇవతలికొచ్చి. "నేనేమో ఇన్ని నెలలుగా దీనికి జబ్బు వెతుకుతున్నాను. జబ్బు చేట పుచ్చుకుని తిరుగుతోందన్నమాట."

రేడియో చేతిలో చేట కిందపడింది. "అమ్మ బాబోయ్! వచ్చేముందు కాస్త దగ్గచ్చు కదా డాక్టరమ్మా! గుండె జారి గమ్‌బూట్లలోకి పోయింది."

"దాణా ఎందుకు తీశారు మేస్త్రీ?"

రేడియో నోరు తెరిచాడు, మూశాడు. కరెంటు పోయినట్టు ఆగిపోయాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా భయం వేసేంత నిశ్శబ్దం.

"బయట అమ్ముకుంటున్నారా?"

"ఛ! ఆ మాట మాత్రం అనకండి. మీ కళ్ళ ముందే కదా పక్క తొట్టిలో పోశాను? ఒక్క గింజ గుమ్మం దాటితే ఈ చేతులు పడిపోతాయి."

"మరి దీని నోటి ముందు తిండి ఎందుకు లాగేస్తున్నారు?"

రేడియో వంగి, కిందపడ్డ దాణాని రెండు చేతులతో పోగు చెయ్యసాగాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "పెద్ద సారుని అడగండి."

"మిమ్మల్నే అడుగుతున్నా."

"దీనికి ముందు ఎర్ర మచ్చలది ఉండేది డాక్టరమ్మా. దానికి ముందు ఒక బోడిది. ఎప్పుడూ ఒకటి ఇలా ఉండాల్సిందేనంట. పిల్లల చేతికి అలవాటవ్వాలంట. నేను ఇక్కడ పనిలో చేరిన రోజు చెప్పిన మాట అది. గేటు వెయ్యి, నీళ్ళు పెట్టు, బక్కదాన్ని బక్కగానే ఉంచు. మూడూ ఒకేలా చెప్పారు. నేనూ ఒకేలా చేసుకుపోతున్నా."

డాక్టరమ్మకి కోపం రావాలి. రాలేదు. ఎక్కడైనా కాసేపు కూచోవాలనిపించింది. షెడ్డులో కూచోడానికి బోర్లించిన బకెట్టు తప్ప ఏమీ లేదు. దాని మీదే కూచుంది.

ఆవు ఒంటిని చూసి, తడిమి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యడం అనేది పశువైద్య విద్యార్థులకి ఫారం నిర్వహణలో మొట్టమొదటి పాఠం. బాగా కొవ్వెక్కితే ఐదు. ఎముకలు తప్ప ఏమీ లేకపోతే ఒకటి. మేత ఎంత పెట్టాలి, ఎప్పుడు చూలు కట్టించాలి, ఈనేనాటికి ఒంట్లో ఎంత నిల్వ ఉండాలి, అన్నీ ఆ మార్కు మీదే నడుస్తాయి. మూడు, నాలుగు మార్కుల ఆవులు ఏ ఫారంలోనైనా దొరుకుతాయి. చక్కగా నడిచే ఫారంలో ఒకటో మార్కు ఆవు దొరకదు. దొరక్కూడదు కూడా. మరి ఇక్కడ ప్రతి ఏడూ ఎలా దొరుకుతోందని ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ కూడా, ఇదే కాలేజీలో చదువుకున్న రోజుల్లో, అడగలేదు.

*

పెద్ద సారు గదికి వెళ్ళాలంటే ఫారం మొత్తం దాటాలి. షెడ్లు కడిగిన నీళ్ళు కాలవలో పడి పేడగుంతకి పోతాయి. పేడగుంత మీద గ్యాసు డోము. అందులోంచి గొట్టం తిన్నగా హాస్టల్ వంటగదికి. మిగిలిన చిక్కటి పేడనీళ్ళు గడ్డిమళ్ళకి. గడ్డి మళ్ళీ ఆవులకి. నేల ఎంత మేపగలదో అన్నే ఆవులు, ఒకటి ఎక్కువ ఉండదు, బయటినుంచి మోపు గడ్డి కొనరు. ఇదంతా పెద్ద సారు ఒంటిచేత్తో నిలబెట్టిన ఫారం. దూరదూరాలనుంచి బస్సులేసుకుని వచ్చి చూసిపోతారు.

ఆయన కాలేజీకి పెద్ద, డాక్టరమ్మకి గురువు. స్వయానా మేనమామ కూడా. తండ్రి పోయాక తెచ్చి పెంచి, చదివించింది ఆయనా, అత్తయ్యా. అయినా ఫారం గేటు లోపల 'సార్' అనే పిలుస్తుంది. అది ఆయన పెట్టిన పద్ధతే.

"రా అమ్మా. టీ తాగావా?"

"మ్యాపు విషయం మాట్లాడాలి సార్."

పెద్ద సారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఉద్యోగం ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. కళ్ళజోడు తీస్తే ఇంకా పెద్దవాడిలా కనిపిస్తాడు.

"రేడియో చెప్పేశాడా?"

"ముందు చెప్పలేదు. నేనే చూశాను."

"ఊఁ." కాసేపు కిటికీలోంచి గడ్డిమళ్ళ వైపు చూశాడు. "నేను దిగిపోయేదాకా నీ కంట పడకపోతే బాగుండుననుకున్నా."

"రక్తపరీక్షల కాగితాల మీద మీరే సంతకాలు పెట్టారు! ఒక్కసారి కాదు, ప్రతిసారీ. దానికి ఏ జబ్బూ లేదని మీకు తెలుసు. నన్ను పిచ్చిదాన్ని చేసి తిప్పారు."

"ఎలా చెప్పాలో తెలీలేదు. రోజూ చెబుదామనే అనుకునేవాణ్ణి. నువ్వు ఇంకో పరీక్ష పట్టుకొచ్చేదానివి. సంతకం పెట్టడం తేలిక."

బుకాయిస్తాడనుకునే వచ్చింది డాక్టరమ్మ.

"కూచో," అన్నాడు ఆయన. "పుస్తకంలో బొమ్మ చూసి మార్కు నేర్చుకున్నవాడు రేపు పల్లెకెళ్ళి ఏం చేస్తాడో తెలుసా? చలికాలం ఆవుకి బొచ్చు పెరుగుతుంది. ఆ బొచ్చు కింద ఒళ్ళు ఎండిపోతున్నా దూరాన్నుంచి బాగానే కనబడుతుంది. వీడు జేబులో చేతులు పెట్టుకుని 'బాగానే ఉన్నాయండీ' అని వచ్చేస్తాడు. వసంతం వచ్చేసరికి సగం మంద పోతుంది. బొచ్చు కంటిని మోసం చేస్తుంది, చేతిని చెయ్యలేదు. కాకపోతే ఆ చేతికి ఒక్కసారైనా ఆ ఎముక తగిలి ఉండాలి. నువ్వెక్కడ నేర్చుకున్నావ్?"

ఆవిడ తన వేళ్ళకేసి చూసుకుంది.

"చెప్పమ్మా. మీ బ్యాచ్‌లో ఏ ఆవు?"

"ఎర్ర మచ్చలది."

ఆ ఆవు తోక మొదట్లో పడ్డ గుంట ఆవిడ వేళ్ళకి ఇప్పటికీ గుర్తే. మొదటి ఉద్యోగంలో ఒక రైతు కొట్టంలో, అంతా బాగానే ఉందని అతను దబాయిస్తున్నా, దట్టమైన బొచ్చులోకి చెయ్యి పోనిచ్చి, "ఇవి ఆకలితో ఉన్నాయి," అని చెప్పింది. మేత మార్పించింది. ఒక్క ఆవూ పోలేదు. ఆ రైతు చాన్నాళ్ళ తర్వాత కూడా కనబడితే చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. మీ చేతిలో మంత్రం ఉందమ్మా అనేవాడు.

"అది జబ్బావు అనుకున్నా," అంది.

"అందరూ అలాగే అనుకుంటారు. అందుకే బండి నడుస్తోంది. ఒక ఆవు ఆకలి ఒక వైపు, ఏటేటా నలభై మంది చేతులు ఒక వైపు. ఆ చేతులు ఎన్ని మందల్ని కాపాడి ఉంటాయో నువ్వే ఊహించుకో. నేను చాలాసార్లు ఊహించుకున్నా. రాత్రిపూట నిద్రపట్టడానికి పనికొచ్చేది."

"పనికొచ్చేదా? ఇప్పుడు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"మామయ్యా," అంది డాక్టరమ్మ. ఆ గదిలో ఆ పిలుపు వినబడటం అదే మొదలు. "పేడలో గ్యాసు కూడా వదలకుండా పిండుకుంటాం మనం. తొట్టి కడిగిన నీళ్ళు కూడా వృథా పోనివ్వం. ఊరంతా వచ్చి చూసిపోయే ఈ ఫారంలో వృథాగా పోతున్నది ఒకే ఒక్కటి. నాలుగు కాళ్ళ మీద నిలబడి పోతోంది. అది మీకు కనబళ్ళేదా?"

"కనబడుతుంది. నేను ఆ షెడ్డు వైపు ఎందుకు రానో ఎప్పుడైనా ఆలోచించావా?"

లేదు. మోకాళ్ళ నొప్పులనుకుంది.

"ఇవ్వాళ్టి నుంచి దాన్ని మేపుతాను," అంది లేచి. "పిల్లలకి కూడా చెప్పేస్తా."

"చెప్పు. నేను అడ్డం రాను, నాకంత ఓపిక లేదు. చెప్పడం అయ్యాక, వచ్చే ఏడు పిల్లల చెయ్యి దేని మీద పెట్టిస్తావో అది కూడా చెప్పు. నాకు తట్టలేదు. నీకు తడితే సంతోషమే."

ఆవిడకీ తట్టలేదు. తలుపు మెల్లగా వేసి వచ్చేసింది.

*

పిల్లలు తెల్లకోట్లేసుకుని కటకటాల పొడుగునా నిలబడ్డారు. తరగతిలో ఎప్పుడూ ముందు బెంచీలోనే కూచునే అమ్మాయి ఒకతె ఉంది. అందరూ ఆమెని ముందుబెంచీ అనే పిలుస్తారు. ఆమే అడిగింది.

"మేడమ్, మ్యాపు జబ్బు తేలిందా?"

"తేలింది. ఆకలి."

వెనక నుంచి ఒక పొడుగుపాటి కుర్రాడు, "అయితే అది మా హాస్టల్ మెస్సులోనే తింటోందన్నమాట మేడమ్," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వు ఒక్కొక్కళ్ళ మొహం మీదా ఆరిపోయింది.

అప్పుడు చెప్పింది. ఎవరి పేరూ పెట్టలేదు, ఎవర్నీ తిట్టలేదు. మీకు చూపించడం కోసం దీన్ని ఇలా ఉంచాం అంది. 'మేము' అనే అంది. చెబుతుంటే తన గొంతు తనకే ఎక్కడో పక్క గదిలోంచి వినబడుతున్నట్టుంది. మ్యాపు మాత్రం ఖాళీ తొట్టిని ఒక మూలనుంచి ఇంకో మూలదాకా శ్రద్ధగా నాకుతూ నిలబడింది.

"ఇప్పుడు ఒక్కొక్కళ్ళూ వచ్చి చెయ్యి పెట్టండి," అంది. "నడుం మీద, తుంటి మీద, తోక మొదట్లో. దీని మీద ఇంకెవరూ నేర్చుకోరు. మీరే ఆఖరు. కాబట్టి సరిగ్గా నేర్చుకోండి. ఇది పడ్డ కష్టానికి మనం చెయ్యగలిగింది ప్రస్తుతానికి అంతే."

ఒక్కొక్కళ్ళూ వచ్చారు. మామూలుగా గోలగోలగా సాగే తరగతి అది. ఆ రోజు గమ్‌బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పొడుగు కుర్రాడు తోక మొదట్లో వేళ్ళు పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుని, మళ్ళీ పెట్టాడు.

"మరి వచ్చే ఏడు వాళ్ళో మేడమ్?" అంది ముందుబెంచీ.

"తెలీదమ్మా."

టీచర్లు అనకూడని మాట అది. అనేసింది.

తరగతి అవుతుండగానే అవతలి షెడ్డులో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. వెళ్తూ వెళ్తూ రేడియోని పక్కకి పిలిచింది. "మెత్తటి పచ్చగడ్డి, ఎండుగడ్డి ఎంత తింటే అంత పెట్టండి. దాణా మాత్రం గుప్పెడే. మెల్లమెల్లగా పెంచుదాం. ఇన్నాళ్ళు గింజ ఎరగని పొట్ట అది. ఒక్కసారిగా పడితే లోపల పులిసిపోయి ప్రాణం మీదికొస్తుంది. వింటున్నారా?"

"విన్నానమ్మా. గుప్పెడే."

రేడియోకి చెప్పింది. పిల్లలకి చెప్పలేదు. దాణా ఎక్కువై పొట్ట పులిసే జబ్బు గురించిన పాఠం వాళ్ళకి ఇంకా రాలేదు. వరసలో వచ్చే వారం ఉంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి గమ్‌బూట్లు విప్పుతుంటే అత్తయ్య ఫోను.

"ఏమే, మీ మామయ్యని ఏమన్నావ్?"

"ఏమీ అనలేదత్తయ్యా."

"ఏమీ అనకపోతే మనిషి భోజనం దగ్గర కూచుని కంచంకేసి అలా చూస్తాడా? తినండీ అంటే, 'తింటాలే, తొందరేముంది' అంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు. మీరిద్దరూ ఆ ఫారంలో ఏం తగలబెట్టుకుంటారో తగలబెట్టుకోండి గానీ, ఇంటికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

"సరే అత్తయ్యా."

"సరే అంటే? నువ్వు తిన్నావా లేదా?"

తిన్నానని అబద్ధం చెప్పి, అలాగే మంచం మీద వాలిపోయింది.

*

తెల్లారి షెడ్డులో అడుగు పెట్టేసరికి రేడియో ఎదురొచ్చాడు. మాట్లాడలేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేశాడు.

మ్యాపు నిలబడే ఉంది. కానీ తాగినవాడిలా ఊగుతోంది. పళ్ళు కొరుకుతోంది. కళ్ళు లోపలికి పోయాయి. నిన్నటిదాకా గుంటపడి ఉన్న ఎడమ డొక్క ఉబ్బి బిగిసిపోయింది. వెనకాల నేల మీద నీళ్ళలాంటి పేడ. పుల్లటి వాసన. డాక్టరమ్మ డొక్క మీద పిడికిలి ఆనించి ఆగింది. లోపల కదలిక లేదు. వంగి పేడలో వేలు పెట్టి చూస్తే గింజలు, పొట్టు.

"గుప్పెడే అన్నానే!"

"గుప్పెడే... అంటే..." రేడియో నీళ్ళు నమిలాడు.

"వెళ్ళి సార్ని పిలుచుకురండి. పరిగెత్తండి!"

వంటసోడా కలిపిన నీళ్ళు గొట్టంతో పట్టిస్తూ, మెడనరానికి సెలైను ఎక్కిస్తూ ఉండగా పొద్దుటి డ్యూటీకి పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కటకటాల దగ్గర ఆగిపోయారు. పెద్ద సారు కూడా వచ్చాడు. ఆయన ఆ షెడ్డులో అడుగు పెట్టడం పిల్లలెవరూ ఎప్పుడూ చూసి ఎరగరు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా ఆవు దగ్గరికెళ్ళి, డొక్కకి స్టెతస్కోపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ పిల్లల వైపు తిరిగింది.

"దీనికి దాణా ఎవరు పెట్టారు?"

సెలైను బొట్లు పడుతున్నాయి.

"తిట్టను. ఎంత పడిందో నాకు తెలియాలి. ఎవరు?"

"నేను మేడమ్," అంది ముందుబెంచీ. అప్పటికే ఏడుస్తోంది. "మధ్యాహ్నం వచ్చాను. ఒక్క దోసెడే. అంతకంటే పెట్టలేదు, ఒట్టు."

"నేనూ," అన్నాడు పొడుగు కుర్రాడు. "ఎవరూ లేనప్పుడు. ఒక దోసెడే మేడమ్."

"నేను కూడా మేడమ్."

"నేను... క్లాసు అయిపోగానే..."

"మేమిద్దరం కలిసి వచ్చాం. చెరో దోసెడు."

చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆ చివరనుంచి ఈ చివరదాకా, లేవని చెయ్యి లేదు. ప్రతివాళ్ళూ తామొక్కళ్ళమే పెట్టామనుకున్నారు. ప్రతివాళ్ళూ ఒకళ్ళకొకళ్ళు కనబడకుండా వచ్చి వెళ్ళారు.

"మీరు చెప్పిన గుప్పెడు కాక," అన్నాడు రేడియో నేల చూపులు చూస్తూ, "నేనూ ఇంకో దోసెడు వేశానమ్మా. ఇన్నేళ్ళు లాక్కున్న చెయ్యి కదా. ఊరుకోలేకపోయింది."

డాక్టరమ్మ మామయ్యకేసి చూసింది. ఇప్పుడు అరుస్తాడు, చూశావా నీ నిజం చేసిన పని అంటాడు, అననీ, అనుకుంది.

ఆయన కళ్ళు తెరవలేదు. స్టెతస్కోపు కూడా తియ్యలేదు.

"నిన్న చీకటిపడే వేళ నేనూ వచ్చాను," అన్నాడు. "ఒక దోసెడు ఏమీ చెయ్యదని లెక్క చూసుకునే వేశా."

స్టెతస్కోపు తీసి నిటారుగా నిలబడ్డాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. గొంతులో మళ్ళీ పాత సారు వినబడ్డాడు.

"సోడాతో తేలే పని కాదిది. డొక్క కోసి, పొట్టలో పులిసిందంతా చేత్తో తోడెయ్యాలి. ఇప్పుడే."

"ఈ ఒంటికి కత్తా? కుట్టు ఆగడానికి కండ ఏది మామయ్యా?"

"లేదు. లేకుండా చేసింది నేనే. అయినా కొయ్యాలి." తన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయి. "ఇవి ఆగట్లేదమ్మా. నువ్వే చెయ్యాలి."

ఆవిడ డొక్క మీద బొచ్చు గొరిగింది. తిమ్మిరి మందు వరసగా పొడిచింది. అది పట్టేదాకా ఆగాలి. ఆగినంతసేపూ ఆవు నిలబడి ఉండాలి. పడిపోతే కొయ్యడం కష్టం, కోసినా పొట్టలో పులిసిన నీళ్ళు గొంతులోకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"పట్టుకోండి దీన్ని," అంది. "అందరూ."

కటకటాలు దూకి వచ్చారు. ఛాతీ కింద కొందరు, తుంటి పక్కన కొందరు, మెడ దగ్గర రేడియో. నిన్న మార్కు వెయ్యడానికి వేళ్ళ చివర్లు మాత్రం ఆనించినవాళ్ళు ఇవ్వాళ భుజాలు ఆనించారు. పొడుగు కుర్రాడు దాని పొట్ట కిందికి దూరి వీపుతో ఎత్తి పట్టాడు. పెద్ద సారు తల దగ్గరకెళ్ళి, వణికే చేతుల్తోనే దాని మొహం తన గుండెకి అదిమి పట్టుకున్నాడు. చెవిలో ఏదో చెబుతున్నాడు. పాఠం మాత్రం కాదు.

డాక్టరమ్మ కత్తి తీసుకుంది. డొక్క మీద సూది మొనతో పొడిచి చూసింది. తిమ్మిరి ఇంకా పట్టలేదు. ఇంకొంచెం ఆగాలి.

"మేడమ్," అన్నాడు పొట్ట కిందినుంచి పొడుగు కుర్రాడు. "బరువు... మొత్తం బరువు నా మీదికి వచ్చేస్తోంది."

మ్యాపు ముందు మోకాళ్ళు మడతపడ్డాయి.